ఏడవని ఆదెమ్మకి ఆరు పాటలు

ఫైలు పేరు ‘ఆదెమ్మ ఫైనల్ పదకొండు’. ఒకటో డ్రాఫ్టుకే ఫైనల్ అని పేరు పెట్టినాను, తప్పు నాదే. మదనపల్లెలో ఇంట్లో కూచోని బెంగళూరు కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. అంటే వేరేవాళ్ళు రాసిందాంట్లో తప్పులు పట్టే పని. అది అయినాక నేను రాసిందాంట్లో గౌతమ్ తప్పులు పడతాడు.

గౌతమ్‌ది కుప్పం. ఇంజనీరింగ్‌లో నా క్లాస్‌మేట్, ఇప్పుడు డైరెక్టర్. సినిమా ఇంకా తీయలేదు, అయినా డైరెక్టరే. మా ఆదెమ్మత్త మీద నేను రాసిన కథ చదివి సినిమా చేద్దామన్నాడు. ప్రొడ్యూసర్ దొరస్వామి విని, ఇంత బరువు జనం మోయలేరు, కథంతా పాటల్లో చెప్పండి అన్నాడంట. ఒకటి కాదు, ఆరు.

కథ నిజంగా జరిగిందే. అత్త మొగుడు గురప్ప మామ పుంగనూరు పక్క పల్లె నుంచి టమాటా లోడు మీద కూచోని మదనపల్లె మార్కెట్టుకు పోతాంటే టెంపో బోల్తా పడి చనిపోయినాడు. మా పక్క మొగుడు పోతే పెండ్లాం శవం మీద పడి రాగం తీసి ఏడవాల, ఆయన మంచి అంతా చెప్పుకుంటా. ఆదెమ్మత్త ఏడవలేదు. పదకొండు దినాలు నోరే తెరవలేదు. దానికి కొవ్వని ఊరంతా అనింది. నా కథంతా ఆ మౌనమే. చెప్పేటప్పుడు అత్త ఒక్కటే అడిగింది, రాసుకో గానీ నన్ను ఏడిపించొద్దని. మాటిచ్చినాను.

నాలుగో పాటేమో శవం దగ్గర ఆదెమ్మ ఏడుస్తా పాడేది. నేను పదిసార్లు తీసేస్తే గౌతమ్ పదిసార్లు తిరిగి పెట్టినాడు. అది లేకుంటే సినిమానే లేదని దొరస్వామి ఆదివారం దాకా టైమిచ్చినాడు. పోట్లాడే ఓపిక నాకు అయిపోయింది. నువ్వే వచ్చి మా అత్తనడుగు, ఒప్పుకుంటే పెట్టుకో అన్నాను.

శనివారం పొద్దున ఇద్దరం పల్లెలో ఆదెమ్మత్త ఇంటికి పోయినాం. కాఫీ తాగినాక గౌతమ్ ఫోన్లో పాట పెట్టినాడు. ఎవరో గాయని, భలే ఏడ్చింది. రెండో లైను రాకముందే అత్త లేచి ఫోను తీసుకోని, బయటికి పోయి కోళ్ళగంప పైన పెట్టేసింది.

“ఇంట్లో దీపం ఎలగతాంటే చావుపాట పెడతావా అప్పా? ఈడ ఎవురు పోయినారని? మీ కుప్పంలో చావులే లేవా?”

  చావు లేని ఇంట్లో ఆ ఏడుపు ఏడవరని నాకు తెలీక కాదు. మా ఇంట్లో కూచోనే ఆ చావు కథని పదకొండుసార్లు రాసినాను.

అత్త మమ్మల్ని తోటకి తీసకపోయింది. టమాటాలు కోస్తా గౌతమ్ చెప్పిందంతా వినింది. ఇంటి దగ్గర కోళ్ళు పాట వింటాండాయి. అప్పుడు నన్ను చూసి అడిగింది.

“నేను పాడింది యాల పెట్టలేదు మే?”

“నువ్వు పాడలేదు కదత్తా.”

“పదకొండు దినాలు మాట్లాడలేదా అనడిగితివి, లేదంటి. పన్నెండో దినం నువ్వడగలా.”

హద్దు దాటి ఇంకొకటి చెక్ చేయాల అనేది టెస్టింగ్‌లో మొదటి పాఠం.

పన్నెండో దినం చుట్టాలందరూ ఎళ్ళిపోయినారంట. కాయలు మాగి రాలిపోతాంటే ఒకతే కోతకు వచ్చిందంట. సాలు మధ్యలో నోరు తెరుచుకుందంట, అంతే. చెప్తా చెప్తా, చేతులు ఆపకుండానే రాగం ఎత్తింది.

“ఒరే గురప్పా, లోడు మీద వద్దంటి గదరా, లోపల సీటుండాదంటి గదరా, గాలి కావాలంటివి గదరా, ఎంత గాలి తాగితివిరా...”

మొగుని పేరు ఎప్పుడూ నోటితో పలకని మనిషి. మామని ‘ఆయన’ అనడం తప్ప నేను వేరే ఏదీ వినలేదు. కంట్లో చుక్క లేదు. అప్పు తెచ్చి వేయించిన డ్రిప్పు పైపుల నుంచి కొత్త చెప్పుల దాకా, ఆయన విడిచిపెట్టి పోయిన ఒక్కొక్కదానికీ ఒక్కో తిట్టు. బుట్ట నిండేదాకా తిట్టింది.

గౌతమ్ చెయ్యి జేబులోకి పోయింది. ఫోను కోళ్ళ దగ్గరుండాది. ఇంకొక్కసారి పాడమ్మా అన్నాడు.

“రోజుకొకసారి తిట్టడానికి ఆయనేం చేసినాడప్పా? ఈ యమ్మి వినింది గదా, రాస్తాది. తిట్టు పెట్టుకోండి. ఏడుపు పెడితే నేనొప్పను.”

పుంగనూరు బస్టాండులో గౌతమ్ కుప్పం బస్సెక్కినాడు. నేను మదనపల్లె బస్సులో ల్యాప్‌టాప్ తెరిచి, అందరూ మెచ్చుకున్న నా మౌనం సీను చూసినాను. పదకొండు దినాలకే ఆపేసినాను, అదే బాగుందనుకోని. కింద పన్నెండో దినం, నాలుగో పాట జాగాలో అత్త తిట్టు రాసినాను. ఫైలుకి ‘ఆదెమ్మ పన్నెండు’ అని పేరు పెట్టినాను. ఫైనల్ అని పెట్టలేదు.

ఆదివారం సాయంత్రం గౌతమ్ ఫోన్ చేసినాడు. దొరస్వామి నేను పంపిన తిట్టు పాట రెండుసార్లు చదివించుకోని, చివర్లో అయినా కాస్త ఏడుస్తాదా అనడిగినాడంట. లేదు, ఏడవదు అని చెప్పినాడంట గౌతమ్. ఆయన ఆలోచిస్తానన్నాడంట.

సరే అని ఫోన్ పెట్టేసినాను. పొద్దున్నే లాగిన్ అవ్వాల.