పగిలిన పడవ

అమ్మ పోతూ పోతూ గాలెట్ల హోటల్ని తమ్ముడికిచ్చింది, పెనాన్ని నాకిచ్చింది. వీలునామా చదివిన నోటరీ ముసిముసిగా నవ్వాడు. తమ్ముడు గుల్వెన్ పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు. మా లోరియాన్ రేవులో హోటళ్లు ఎన్నయినా దొరుకుతాయి. అలాంటి పెనం దొరకదు.

అది మా అమ్మమ్మది, చాలా బరువైన ఇనప పెనం. యుద్ధంలో ఊరి మీద బాంబులు పడుతుంటే ఆవిడ వెండి చెంచాలూ పెళ్లి ఫొటోలూ వదిలేసి, ఆ పెనాన్ని తోపుడుబండి మీద వేసుకుని పల్లెకి పారిపోయింది. దానికి ఎన్నడూ నీళ్లు తగల్లేదు. పొద్దున్నే పొయ్యి వెలిగించి పందికొవ్వు అద్దిన గుడ్డతో తుడవాలి, పనయ్యాక మళ్లీ తుడవాలి, అంతే. ఎనభై ఏళ్లు కొవ్వు తాగి అది నల్లగా నిగనిగలాడేది. గరిటెడు నల్లగోధుమ పిండి పోసి చెక్కతో ఒక తిప్పు తిప్పితే గాలెట్టు అట్టులా పల్చగా పరుచుకునేది. అంచుకి అట్లకాడ తగిలిస్తే చాలు, తనంతట తానే లేచి వచ్చేది. ముప్ఫై ఒక్క ఏళ్లలో నా చేతి కింద చిరిగింది రోజుకి ఒక్కటే, తొలిది. తొలిది ఎవరికైనా చిరుగుతుంది. అది కుక్క వాటా. మా హోటల్లో ఆ కుక్క పేరు పితో, దాని యజమాని జోబ్.

జోబ్ నలభై ఏళ్లు చేపల ఓడల మీద తిరిగి ఒడ్డెక్కిన ముసలాడు. ఇప్పుడు బండి మీద చేపలమ్ముతాడు. రోజూ పన్నెండింటికి బండి బయట పెట్టి, వంటింటి గుమ్మం పక్క బల్ల దగ్గర కూర్చుంటాడు. గుడ్డు వేసిన గాలెట్టు ఒకటి, ఉప్పువెన్న రాసింది ఒకటి, గిన్నెడు ఆపిల్ సైడరు. తిన్నాక ఒకటే మాట: "పర్లేదమ్మాయ్." మా వాళ్ల నోట అంతకు మించిన పొగడ్త రాదు. ఇరవయ్యేళ్ల కిందట ఒకసారి "బాగుంది" అన్నాడు. ఆ రోజు అతనికి జ్వరం.

ఇలా ఉండగా, మా ఊళ్లో ఎక్కడ తినాలో ఎక్కడ తాగాలో చెప్పే పుస్తకమొకటి వేస్తున్నారని తెలిసింది. పారిస్ నుంచి డెల్ఫీన్ అబ్రియాల్ అనే ఆవిడ వచ్చి, తిని చూసి రాస్తుందట. రేవులో అందరికీ పూనకం వచ్చింది. మోకాలి లోతు సముద్రం ఎరగని వాళ్లు గోడలకి వలలు వేలాడదీశారు. చేపల వేలం దగ్గర కాఫీ పోసే వాడు తన బారుకి 'కడలి గుసగుస' అని పేరు పెట్టుకున్నాడు. ఎదురు హోటలువాడు ఆల్చిప్పల్ని నురగలో పెట్టి ఇవ్వడం మొదలెట్టాడు. దేని నురగో అడిగితే చెప్పడు.

గుల్వెన్ ఊరుకుంటాడా? ఓడ చక్రం ఒకటి కొనుక్కొచ్చి కిటికీ పక్కన బిగించాడు. "ఏ ఓడదిరా ఇది?" అంటే, "ఇంటర్నెట్‌లో దొరికిందక్కా" అన్నాడు. సైడరు పోసే పింగాణీ గిన్నెలు అటకెక్కాయి, సన్నకాళ్ల గ్లాసులు దిగాయి. జోబ్ ఆ గ్లాసుని పైకెత్తి అటూ ఇటూ చూశాడు.

"ఇది తాగడానికా, పువ్వు పెట్టుకోడానికా?"

"జోబ్ మావయ్యా," అన్నాడు గుల్వెన్, "గురువారం ఆవిడ వస్తోంది. ఆ ఒక్కరోజూ వెనక బల్ల దగ్గర కూర్చో."

"ఏం, కంపు కొడుతున్నానా?"

"కొంచెం."

"చేపల రేవురా ఇది! అత్తరు పూసుకుని రమ్మంటావా?"

బుధవారం నేను పన్ను పీకించుకోడానికి వెళ్లాను. ముప్ఫై ఒక్క ఏళ్లలో నేను పని మానేసింది రెండు రోజులే. ఒకటి అమ్మ పోయిన రోజు, రెండోది ఇది. దేవుడు క్షమించాలి, ఎక్కువ ఏడ్చింది రెండో రోజే.

తిరిగొచ్చేసరికి గుల్వెన్ గుమ్మంలో నిలబడి ఇకిలిస్తున్నాడు. "అక్కా, కళ్లు మూసుకుని రా!" అని వంటింట్లోకి తీసుకెళ్లాడు. కళ్లు తెరిస్తే పొయ్యి మీద పెనం తెల్లగా మెరుస్తోంది.

"ఎవర్రా కడిగింది?" నోట్లో దూది. మాట సగమే వచ్చింది.

"నేనే! మూడు గంటలు పట్టింది. ఎంత జిడ్డక్కా బాబూ! ఇనప పీచులు మూడు అరిగిపోయాయి. ఆవిడ గానీ వంటింట్లోకి తొంగిచూస్తే పరువు పోయేది. ఇప్పుడు చూడు, అద్దంలా మొహం కనిపిస్తుంది."

కనిపించింది. బుగ్గ వాచి, ఏడుస్తున్న మొహం. గాలెట్టు ముక్క నములుతూ నడక నేర్చినవాడు, గాలెట్ల మీదే బతుకుతున్నవాడు, పెనాన్ని సబ్బుతో తోమాడు! ఇరవయ్యేళ్లుగా గల్లాపెట్టె దగ్గర తప్ప నిలబడని మనిషికి పొయ్యి సంగతి ఏం గుర్తుంటుంది? బాంబులు చెయ్యలేని పని మా తమ్ముడు చేశాడు.

సాయంత్రమంతా కొవ్వు పట్టించాను. ఎనభై ఏళ్ల నలుపు ఒక్క పూటలో వస్తుందా?

గురువారం అబ్రియాల్ గారు వచ్చి ఓడ చక్రం కింద కూర్చుంది. నేను పిండి పోశాను. అంటుకుంది. గీకి తీసి ఇంకోటి పోశాను. అంటుకుంది. అలా ఎనిమిది. ఎనిమిదీ పేలికలే. పారెయ్యడానికి మనసొప్పక అన్నీ ఓ గిన్నెలో వేసి, మజ్జిగ పోసి, పైన వెన్నముద్ద వేసి కింద పెట్టాను. పితోకి పండగే.

గుల్వెన్ చెమటలు కక్కుతూ వచ్చాడు. "ఏమైందక్కా? ఆవిడ అరగంట నుంచీ ఖాళీ గ్లాసు తిప్పుతోంది!"

"ఇవాళ గాలెట్లు లేవని చెప్పు. ఎందుకు లేవో కూడా చెప్పు."

వాడు పొయ్యి వైపు చూశాడు, నేల వైపు చూశాడు. చటుక్కున వంగి గిన్నె ఎత్తి, అంచు చేతిగుడ్డతో తుడిచాడు.

"ఒరేయ్, అది కుక్క..."

అప్పటికే వెళ్లిపోయాడు. వాడి గొంతు వినిపించింది: "మేడమ్, ఇది మా అమ్మమ్మ నాటి వంటకం. తెలిసినవాళ్లకి తప్ప పెట్టం. పేరు 'పగిలిన పడవ'."

పితో అందులో అప్పటికే మూతి పెట్టిందో లేదో నేను ఒట్టేసి చెప్పలేను. అది గిన్నె వెంటే వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని, ఆవిడ మింగే ప్రతి ముద్దనీ కళ్లతో లెక్కపెట్టింది. "ఎంత ప్రేమగా చూస్తోందో!" అని ఆవిడ మురిసిపోయింది. తర్వాత కళ్లు మూసుకుని, "ఈ చిరుగుల్లో నాకు అలలు వినిపిస్తున్నాయి" అంది. వెనక బల్ల నుంచి జోబ్ వంటింటి గుమ్మంలో ఉన్న నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

వసంతంలో పుస్తకం వచ్చింది. మొదటి పేజీలో మేమే, మా 'పగిలిన పడవే'. వానలో గొడుగులేసుకుని జనం వీధి చివరిదాకా నిలబడ్డారు. పేరు మోగింది, హోటలు నిండింది. గుల్వెన్ చొక్కా గుండీలు తెగేంతగా ఉబ్బిపోయాడు. జోబ్ బల్ల పోయింది. తలుపు పక్కన ఓ ముక్కాలిపీట వేశారు.

నేను మాత్రం రోజూ రెండుపూటలా పెనానికి కొవ్వు పట్టిస్తూనే ఉన్నాను. ఆకులు రాలే కాలానికి అది మళ్లీ నల్లబడింది. ఒక పొద్దున గాలెట్టు పోసి అంచుకి అట్లకాడ తగిలించానో లేదో, తనంతట తానే లేచి వచ్చింది. చిరుగు లేదు, మాడు లేదు, అంచంతా జల్లెడలా సన్నటి చిల్లులు. నా ఒళ్లు పులకరించింది. పళ్లెంలో పెట్టుకుని గుల్వెన్ దగ్గరికి పరిగెత్తాను.

వాడు చూశాడు. "బాగుందక్కా," అన్నాడు. "ఇప్పుడు చించు."

చించాను. ఆ రోజూ, మర్నాడూ, ఆ తర్వాత రెండు వారాలూ, నా చేత్తో పోసినవి నా చేత్తోనే చించాను. జోబ్ నిండు గాలెట్టు అడిగితే "మెనూలో లేదు మావయ్యా" అన్నాడు గుల్వెన్. జోబ్ పేలికల్ని చెంచాతో తిని లేచి వెళ్లాడు. పర్లేదు అని కూడా అనలేదు. నాకు చెంపదెబ్బ తగిలినట్టయింది.

ఇంతలో పుస్తకం రెండో కూర్పు కోసం అబ్రియాల్ గారు మళ్లీ వచ్చింది. నేను ఎవర్నీ అడగలేదు. నిండు గాలెట్టు ఒకటి పోసి, గుడ్డు కొట్టి, నాలుగు అంచులూ మడిచి, నేనే తీసుకెళ్లి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ పళ్లేన్ని ఇటు తిప్పింది, అటు తిప్పింది. గుల్వెన్ వైపు జాలిగా చూసింది.

"అయ్యో! ఇవాళ సరిగ్గా కుదరలేదా?"

"క్షమించాలి మేడమ్. అక్కకి వయసు మీద పడుతోంది," అని గుల్వెన్ ఫోర్కు తీసుకుని, నా కళ్లముందే దాన్ని పరపరా చింపాడు.

నేను వంటింట్లోకి వెళ్లి పొయ్యి ఆర్పేశాను. పెనం చల్లారడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా వాడు బతిమాలాడు, బెదిరించాడు, అమ్మని తలుచుకున్నాడు. అమ్మ మాట ఎత్తకుండా ఉంటే బాగుండేది. పెనాన్ని కొవ్వుతో తుడిచి, ఏప్రన్ విప్పి అందులో చుట్టాను.

"జోబ్ మావయ్యా, నీ చేపల బండి బయటుందా?"

"ఉందమ్మాయ్."

చెరోవైపూ పట్టుకుని మోశాం. గుల్వెన్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "లోపల ముప్ఫై మంది కూర్చున్నారక్కా! నేనేం పెట్టను?"

"కొత్త పెనం కొనుక్కో. తోమడానికి సబ్బు నీ దగ్గరే ఉందిగా."

బయట వాన పడుతోంది. పెనాన్ని బండి మీద పెట్టాం. జోబ్ తన వానకోటు విప్పి కప్పాడు. నాకు కాదు, పెనానికి.