నర్సింహమ్మ రేడియో సెల్లులు

గాలిలోకి పంపిన మాట ఎవరింట్లోనైనా దిగుతుందా అని రేడియో విలేకరి హరినాథ్‌కు ఏళ్లుగా అనుమానం. పొద్దున్నే దీపం వెలిగించి దేవుడికి చెప్పుకునే మాట మీదా అదే అనుమానం. అయినా రెండూ మానలేదు.

ఫ్యాక్టరీ కొలువుకు కోస్తా నుంచి వచ్చి పటేల్‌గూడలో స్థిరపడ్డ కుటుంబంలో పెరిగాడు. త్వరలో రిటైరవుతున్నాడు. చివరి వార్తకు లక్డారం వెళ్లాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫ్యాక్టరీల మురుగు దిగి ఆ ఊరి బోర్లలో ఎర్రనీళ్లు పడ్డాయి. ఆ ఊరి నర్సింహమ్మ గోడు చెబుతుండగా ఆయన రికార్డర్ సెల్లులు అయిపోయి ఆగిపోయింది. ఆమె తన రేడియో మూత తీసి సెల్లులు ఇచ్చింది. రేపు తెచ్చిస్తానన్నాడు. ఆ రేపే దూరపు స్టేషన్‌కు బదిలీ అయింది.

ఇన్నేళ్ల తర్వాత వెళ్లినా గుమ్మంలోనే ఆమె గుర్తుపట్టింది.

"ఏంది సారూ, గిప్పుడా వచ్చుడు? నా సెల్లులేవి?"

"తెచ్చానమ్మా. ముందు ఇది చెప్పండి. ఆనాటి వార్త ఎవరైనా విన్నారా?"

"ఇనకుంటే తెల్లారి నీళ్ల ట్యాంకర్ ఎట్లొచ్చే? ఊరందరు ఇన్నరు. నేనొక్కదాన్నే ఇనలే. నా రేడియోను మూగదాన్ని జేసి పోతివి! మళ్ల సెల్లులు కొన్నంక ఇందామంటే వార్త ఉంటదా?"

హరినాథ్ ఫోన్‌లో ఆమె మాట రికార్డు చేశాడు.

"నల్లా నీళ్లు మంచిగున్నయ్. బోరు మాత్రం ఇంక గట్లనే ఉంది. గది సుత చెప్పు సారూ, దాస్తే ఊకోను."

దాన్ని స్టేషన్‌కు పంపిన కాసేపటికే అక్కడ వార్తలు కూర్చే కృష్ణప్రియ ఫోన్ చేసింది. "సార్, బులెటిన్ నిండిపోయింది. ఆవిడ గొంతు తీసేసి మీ మాట ఉంచుతా."

"నా మాట కత్తిరించమ్మా. ఆవిడది అలాగే వెళ్లాలి."

"మీ చివరి వార్త కదా సార్!"

"అందుకే."

సాయంత్రం వార్తల దాకా అక్కడే కూర్చున్నాడు. నర్సింహమ్మ గూట్లోంచి రేడియో దించింది. దసరాలకు పెట్టిన కుంకుమ దాని మీద గట్టిపడి ఉంది. హరినాథ్ సెల్లులు వేసి మీట తిప్పాడు. గరగరమంది. ఆయన ఏదో అనబోయాడు.

"జెర ఊకో సారూ!"

హరినాథ్ గొంతు ఒక్క వాక్యం పలికి తప్పుకుంది. తర్వాత ఆమె గొంతు వచ్చింది, బోరుతో సహా, ఒక్క ముక్కా పోకుండా.

"నేనేనా? గింత గట్టిగ మొత్తుకున్ననా?" అని బుగ్గన వేలు పెట్టుకుంది.

వార్తలు అయ్యేదాకా మీట మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆపాక రేడియోను కొంగుతో తుడిచింది.

"సెల్లులు ముట్టినయ్ సారూ. ఇగ చాయ్ తాగి పో."