బోరు దుమ్ములో దెయ్యం

నేను దెయ్యం వేషం వేసిన సినిమా చూసి మా ఊళ్ళో అందరూ భయపడ్డారు. నన్ను చూసి మాత్రం కాదు.

సినిమా తీసింది మా తమ్ముడి మనవరాలు సుచరిత. మార్కాపురంలో డిగ్రీ. కాలేజీ నుంచి ఒక్క సినిమానే ఒంగోలు పోటీకి పంపుతారట. ఊళ్ళో వేసి చూపించండి, ఎవరి సినిమాకు జనం దడుచుకుంటే వాళ్ళదే పంపుతానని లెక్చరరు షరతు పెట్టాడు. జనం మాటలు ఫోన్లో రికార్డు చేసుకుని రావాలట. పిల్లకు అన్నం సయించడం మానేసింది.

దెయ్యానికి నన్నే ఎంచుకోవడంలో వింతేమీ లేదు. ఈ చుట్టుపక్కల దెయ్యాలతో పరిచయమున్న పెద్దమనిషిని నేనొక్కణ్ణే. గిద్దలూరు దాటిన అడవిలో ఒక కొరివిదెయ్యం నా బీడీ అంటించి, "ఇంకోటుంటే ఇయ్యి పెద్దాయనా" అని దిగువమెట్ట దాకా వెంటబడింది. నమ్మనివాళ్ళు పోయి దాన్నే అడగవచ్చు.

దెయ్యం రావాలంటే పొగమంచు కావాలంది సుచరిత. మా కొనకనమిట్ల ఎండలో మంచు! అదృష్టం, ఆ రోజే కాశయ్య కంది చేలో బోరు వేయిస్తున్నాడు. బండి రాతిని నమిలి తెల్లటి దుమ్ము ఊస్తోంది. వరసకు మరదలైన రాఘవమ్మ దగ్గర అడిగి తెచ్చిన తెల్లచీర చుట్టుకుని నేను అందులోంచి నడిచి వచ్చాను. ఫోన్లో నన్ను చూసుకుంటే నాకే వణుకు పుట్టింది.

సాయంత్రం పాలకేంద్రం గోడ మీద బొమ్మ వేశారు. పాలు పోయడానికి వచ్చినవాళ్ళే ప్రేక్షకులు. గోడ మీద తెల్లగా దుమ్ము లేచింది, దుమ్ములోంచి నేను లేచాను.

"ఎవరి బోరు అది?" అన్నాడు పాలు కొలిచే ఈశ్వర్.

"కాశయ్యది గదా."

"నీళ్ళు పడినాయా?"

"ఏడ? ఆ ముసలాయన్ని పక్కకు జరగమనండబ్బా, బండి కనపడల్యా!"

ఆ ముసలాయన దెయ్యమని ఒక్కరికీ తట్టలేదు.

సుచరిత ఫోను పట్టుకుని రాఘవమ్మ దగ్గర కూర్చుంది. "భయమేసిందా అవ్వా?"

"ఏయదా మరి? నా చీర గతి చూడు! కొండయ్య బావా, ఇంటికాడ ఉతికించి ఇస్తానంటివే!"

అందరూ నవ్వారు. నవ్వు మధ్యలోనే తెగింది. గోడ మీద, నా వెనకాల, కాశయ్య భార్య అంజలి ఉంది. బోరు పూజకు తెచ్చిన పసుపు కుంకుమల పళ్ళెం ఒక చేత పట్టుకుని, బోరులోంచి వచ్చిన దుమ్మును పిడికిట పట్టి పిసికి చూస్తోంది, తడి తగులుతుందేమోనని. చెయ్యి విప్పితే దుమ్ము జారిపోయింది. మళ్ళీ పట్టింది.

పాలు పోయడానికి వచ్చినవాళ్ళు క్యాన్లు కింద పెట్టి ఎవరి అరచేతులు వాళ్ళు చూసుకున్నారు.

"ఆపమ్మా, చాలు," అన్నాడు వాకిట్లో నిలబడ్డ కాశయ్య. ఖాళీ క్యాను తీసుకుని వెళ్ళిపోయాడు.

సుచరిత మెట్టు మీద కూలబడింది. "ఒక్కరు గూడా దడుచుకోల్యా తాతా. అయిపోయింది."

"అందరూ దడుచుకున్యారు. నన్ను చూసి గాదంతే," అన్నాను. ఆ మాట అనడానికి నాకెంత కష్టమయిందో దెయ్యాలకే తెలియాలి.

పిల్ల ఆ పిడికిలి ముక్కను ఫోన్లో మళ్ళీ వేసి చూసుకుంది. తెల్లారి నన్ను వెంటబెట్టుకుని కాశయ్య ఇంటికి పోయింది.

"మామా, అంజలత్తను చూపిస్తే నీకు బాధయితే చెప్పు, సినిమానే పంపను."

కాశయ్య నోరు తెరిచేలోపు అంజలే లోపల నుంచి వచ్చింది. "ఊరందరి చేతులూ బోరు దుమ్మును అట్లనే పిసికినాయి. నాది ఒక్కటే దాచేదేంది? ఉంచుకో."

"ఉంచుకో గానీ, ఒకటి," అన్నాడు కాశయ్య నా వైపు చూస్తూ. "ఈ మామను మాత్రం తీసెయ్. మా గాచారం మీద ఆయన చీర గట్టుకోని గంతులేస్తుంటే జనం నవ్వకుండా ఏంజేస్తారు?"

సుచరిత నా ముఖం చూసింది. ఏం చేస్తాను? తీసెయ్యమన్నాను.

దుమ్ము, పిడికిలి, బండి రొద మాత్రం మిగిలాయి. లెక్చరరు దాన్ని రెండోసారి వేయించుకుని చూశాడట. ఒంగోలు పంపాడు. పిల్ల కడుపారా అన్నం తింది.

నాకు మాత్రం అన్యాయం చేయలేదు. సినిమా చివర పేర్లలో "దెయ్యం: కొండయ్య" అని అట్లాగే ఉంచింది. మీరు ఎంత వెతికినా సినిమాలో నేను కనపడను. అసలు దెయ్యాలు ఎక్కడైనా కనపడతాయా? ఆ వేషాన్ని అంత సహజంగా వేసినవాడు ఇంతవరకూ ఇంకొకడు పుట్టలేదు.