కుడివైపు గడి

నేను ఒక బీఈడీ రికార్డుని. నీలం అట్ట, నూట ఇరవై పేజీలు, పిల్లల ముఖం చూడకముందే వాళ్ళ జవాబులన్నీ కడుపులో పెట్టుకున్న మహాజ్ఞానిని! నవ్వకండి, మా వంశాచారమే అంత. ఎడమ గడిలో టీచరు అడిగే ప్రశ్న, కుడి గడిలో పిల్లలు చెప్పబోయే జవాబు. రెండూ ముందురోజే సీనియర్ల రికార్డు చూసి ఎక్కించెయ్యాలి.

నన్ను కొన్న పిల్ల పేరు గౌరీశ్వరి. పాలకొండ దగ్గర ఒక బడికి టీచింగ్ ప్రాక్టీసుకని నన్ను గుండెకి హత్తుకుని వెళ్ళింది. "వాన ఎలా పడుతుంది?" అని అడిగింది. వెనక బెంచీలోంచి నీలవేణి అనే పిల్ల లేచి, "మా ఇంట్లో అయితే ముందు పొయ్యి మీద పడతాదండి" అంది. క్లాసంతా గొల్లుమంది. గౌరీశ్వరి నా కుడి గడికేసి చూసింది. అక్కడ 'మేఘాలు చల్లబడి' అని ఉంది.

"కాదు, కూర్చో" అంది.

ఆ పిల్ల కూర్చుంది. మళ్ళీ నోరు విప్పితే ఒట్టు!

గౌరీశ్వరికి వారం రోజులు అన్నం సయించలేదు. 'నా విద్యా దృక్పథం' అనే పేజీలో అందరూ 'సర్వతోముఖాభివృద్ధి' అని ఎక్కించే చోట, 'పిల్ల చెప్పేదాకా ఆగడమే చదువు చెప్పడం' అని సొంతంగా రాసుకుంది. చివరి పాఠానికి కుడి గడి ఖాళీగా వదిలేసింది.

కాలేజీ నుంచి పాఠం చూడ్డానికొచ్చిన సన్యాసిరావు మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఇదేంటమ్మా, ఖాళీ?"

"పిల్లలింకా చెప్పలేదండి."

"గంట కొట్టేలోగా నిండకపోతే సంతకం పెట్టను. సంతకం లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. తర్వాత నీ ఇష్టం."

గౌరీశ్వరి నీలవేణి పక్కకెళ్ళి నిలబడింది. "ఆ రోజు నువ్వు చెప్పిందీ జవాబేనమ్మా. ఇంకోసారి చెప్తావా?" పిల్ల తలెత్తలేదు. గంట కొట్టేశారు. గౌరీశ్వరి కుడి గడిలో రాసింది: 'నీలవేణి మాట్లాడలేదు. తప్పు నాది.'

మాస్టారు రెండుసార్లు చదివి, సంతకం పెట్టారు.

పరీక్షయ్యాక నన్ను కాలేజీ స్టోర్ రూములో పడేశారు. పన్నెండేళ్ళయింది. ఎలకలు తప్ప పలకరించే దిక్కు లేదు. ఏడాదికోసారి జూనియర్లొచ్చి గబగబా ఎక్కించుకుపోతారు, ఒక్కరూ చదవరు. మొన్నొకమ్మాయి నా చివరి పాఠం కూడా ఉన్నదున్నట్టు దించేసుకుంది: 'నీలవేణి మాట్లాడలేదు. తప్పు నాది.'

ఓసి నా తల్లీ, నీలవేణి నీ క్లాసులో లేదే! అని కేకేద్దామనుకున్నాను. అట్టకి నోరుంటేగా. నన్ను మళ్ళీ దుమ్ములోకి తోసి, తలుపేసుకుని వెళ్ళిపోయింది.

రేపు ఆ అమ్మాయి క్లాసులోనూ వెనక బెంచీలోంచి ఎవరో ఒక పిల్ల లేచి నిలబడుతుంది. ఆ పిల్ల పేరు నాలో లేదు.