పెట్టెలో కడిగిన కప్పులు

సంతోషకుమారికి ఆ పెట్టె అంటే మొదటినుంచీ గిట్టదు. కోడలు శాంతి దాన్ని డిష్‌వాషర్ అంటుంది, కొడుకు మార్క్ మిషన్ అంటాడు, ఆవిడ మాత్రం పెట్టె అంటుంది. అదీ ముద్దుగా కాదు. "మీ పెట్టె మళ్లీ కుయ్యిమంటోంది, ఏం కావాలో కనుక్కోండి" అంటుంది, అదేదో పిలవకుండా వచ్చి ఇంట్లో తిష్ట వేసిన చుట్టమైనట్టు.

నిజానికి అది ఆవిడ కోసమే వచ్చింది. రెండేళ్లుగా వేళ్ల కణుపులు వాచి, పొద్దున లేచేసరికి పిడికిలి ముడుచుకోవడమే కష్టంగా ఉంటోంది. గిన్నెలు తోమే మనిషి మిరపకోతలకి వెళ్లిపోయిన రోజుల్లో అత్తగారు సింకు దగ్గర పళ్లు బిగబట్టి నిలబడడం శాంతి చూసింది. శాంతి హైస్కూల్లో లెక్కల టీచరు. ఒక నిర్ణయానికి వచ్చాక నాన్చడం ఆమెకి చేతకాదు. ఆ వారంలోనే పెట్టె వంటింట్లో దిగింది. సంతోషకుమారి మాత్రం, నీకిక చేతులు లేవని తన మొహం మీదే అన్నట్టు బాధపడింది.

మార్టూరు బోరు నీళ్లు మామూలువి కావు. కుక్కర్ అడుగున సున్నం వేసినట్టు పొర కడతాయి. అందుకని ఆ పెట్టెకి సేవ తప్పదు. శనివారం వచ్చిందంటే శాంతి వంటింట్లో పీట వేసుకుని కూర్చుంటుంది. అడుగునున్న జల్లెడని తిప్పి బయటికి తీసి, పాత టూత్‌బ్రష్‌తో మెతుకులూ కరివేపాకూ వదలగొడుతుంది. నీళ్లు చిమ్మే రెక్కల బెజ్జాల్లో ఇరుక్కున్న మిరపగింజల్ని పిన్నీసుతో పొడిచి తీస్తుంది. తలుపు చుట్టూ ఉన్న రబ్బరుని తడిగుడ్డతో తుడుస్తుంది. చివరికి, అడుగున బిగుతు మూత ఉన్న గుంటలో దానికోసమే అమ్మే ఉప్పు పోస్తుంది. ఆ ఉప్పు అయిపోతే పైన ఎర్రదీపం వెలుగుతుంది.

"ఉప్పు లేకపోతే ఈ నీళ్లకి గాజుసామాను మీద తెల్లమచ్చలు పడతాయి అత్తయ్యా" అని ఒకసారి చెప్పింది.

"గిన్నెలు కడిగేదాన్ని మళ్లీ మనం కడగాలా! బాగుందమ్మా మీ సుఖం" అంది సంతోషకుమారి.

ఎంత ఎగతాళి చేసినా ఆవిడ ఆ సేవనంతా పక్కనే నిలబడి చూసేది. చూసిందంతా మనసులో పెట్టుకునేది కూడా.

ఆవిడకి ఈ లోకంలో సొంతమనుకునే పని ఒకటుంది. నెలనెలా మొదటి ఆదివారం చర్చిలో ప్రభు సంస్కారం, అంటే యేసు గుర్తుగా తీసుకునే రొట్టే ద్రాక్షరసమూ, ఇస్తారు. ద్రాక్షరసం పోసి పంచే చిన్న గాజు కప్పులన్నీ శనివారం సంతోషకుమారి ఇంటికి వస్తాయి. ఆవిడ వాటిని వేణ్ణీళ్లలో ఒక్కొక్కటే కడిగి, ఉతికిన తెల్లగుడ్డతో తుడిచి, వెలుతురుకి ఎత్తి చూసి పళ్లెంలో బోర్లిస్తుంది. అంతసేపూ ఎవరితోనూ మాట్లాడదు. పెళ్లయి ఆ చర్చికి వచ్చిన కొత్తల్లో అత్తగారు అప్పగించిన పని అది. ఫలానావారి భార్య, ఫలానావాడి తల్లి అని కాక, "కప్పుల సంతోషమ్మ" అని ఊళ్లో ఆవిడకొక పేరుందంటే అందుకే.

పోయిన నెల చర్చిలోనే కప్పొకటి ఆవిడ వేళ్లలోంచి జారి ముక్కలైంది. పాస్టరు బాలస్వామి అయ్యగారు ఏమీ అనలేదు. ఆరాధన అయ్యాక మెల్లిగా, "అమ్మా, మీకు శ్రమవుతోందేమో. హెలెన్‌ని తోడు పెట్టుకుంటే బాగుంటుందేమో" అన్నారు. తోడు అనే మాట వెనకాల ఏముంటుందో సంతోషకుమారికి తెలుసు. ముందు తోడొస్తారు, తర్వాత కుర్చీ వేసి కూర్చోమంటారు, ఆ తర్వాత అసలు రావద్దంటారు.

హెలెన్ చర్చి వీధి చివర ఉంటుంది. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. సంస్కారానికి నల్లద్రాక్షలు ఉడికించి, పంచదార వేసి రసం కాచేది ఆమే. సంతోషకుమారిని పిన్నీ అని పిలుస్తుంది. ఆమెమీద ఆవిడకి ఏ కోపమూ లేదు, పోయిన నెల దాకా.

ఈ నెల శనివారం శాంతికి ఒంగోల్లో టీచర్ల శిక్షణ ఉంది. మార్క్ రాళ్లు పాలిష్ పట్టే యూనిట్‌లో సూపర్‌వైజరు, ఎప్పటిలాగే పనికి వెళ్లాడు. సంతోషకుమారి కప్పులు ముందేసుకుని కూర్చుంది. మొదటి కప్పు వేళ్ల మధ్య నిలవలేదు. రెండోది నీళ్లలో జారిపోయింది. మూడోదాన్ని పట్టుకుని కాసేపు ఊరికే ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని పెట్టె వైపు చూసింది.

ఎవరూ లేరు. ఎవరికి తెలుస్తుంది?

కప్పులన్నీ పై అరలో బోర్లించింది. శాంతి వేసే చోటే సబ్బు బిళ్ల వేసింది. అయితే పైన ఎర్రదీపం వెలుగుతోంది. సంస్కారపు కప్పుల మీద తెల్లమచ్చలా? శాంతి ప్యాకెట్టు చూస్తే ఖాళీ. ఉప్పు ఉప్పే కదా అనుకుని డబ్బాలోంచి చినగంజాం కల్లుప్పు తెచ్చింది. అడుగునున్న మూత తిప్పబోతే ఆ వేళ్లకి అది ఎక్కడ లొంగుతుంది? గుడ్డ పట్టి తిప్పింది, గరిటె కాడతో తోసింది, కదల్లేదు. చివరికి విసుగొచ్చి, రెండు చారెళ్ల ఉప్పూ ఆ మూత చుట్టూనే కుమ్మరించింది. కరిగి అదే లోపలికి పోతుందిలే అని మీట నొక్కింది.

పెట్టె ఇంకా తిరుగుతూండగానే వీధిగేటు చప్పుడైంది. శాంతి తొందరగా వచ్చేసింది. సంతోషకుమారి గబుక్కున లేచింది. మీట నొక్కి ఆపేసి, తలుపు లాగి, పొగలు కక్కుతున్న కప్పుల్ని కొంగులోకి తీసుకుంది. నీటి ఊపుకి సగం కప్పులు వెల్లకిలా పడి నీళ్లు నిండి ఉన్నాయి. ఒంపేసి, తన గదిలోకి తీసుకుపోయి, గబగబా తెల్లగుడ్డతో పైపైనే తుడిచి పళ్లెంలో సర్దింది. ఇంకోసారి మంచినీళ్లతో తొలుద్దామనుకుంది. ఈలోపు శాంతి గుమ్మంలోకి వచ్చి, "అబ్బ, ఎంత మెరుస్తున్నాయి అత్తయ్యా!" అంది. ఆ మెచ్చుకోలు మింగి ఆవిడ పళ్లెం మీద గుడ్డ కప్పేసింది.

ఆదివారం చర్చి నిండుగా ఉంది. పంచడం అయ్యాక అయ్యగారు ప్రార్థన చేసి, "అందరం కలిసి తీసుకుందాం" అన్నారు. అందరూ ఒక్కసారే కప్పులెత్తారు.

ఒక్కసారే అందరి మొహాలూ మారాయి. ఎవరూ ఉమ్మలేదు, ఉమ్మే వస్తువు కాదది. సంఘపెద్ద సాల్మన్ కళ్లు గట్టిగా మూసుకుని మింగారు. అయ్యగారి గొంతు ఒక్క క్షణం ఆగి మళ్లీ ప్రార్థనలో పడింది. సంతోషకుమారి నాలిక మీద, తీపి కింద, ఉప్పు పలుకొకటి నింపాదిగా కరిగింది. ఆ పలుకు ఏ డబ్బాలోదో ఆవిడకి వెంటనే తెలిసిపోయింది.

ఆరాధన అయ్యాక వరండాలో ఆడవాళ్లు హెలెన్ చుట్టూ మూగారు.

"ఏందమ్మా హెలెనూ, పంచదారనుకుని ఉప్పేశావా ఏంది?"

"లేదక్కా, కాచేటప్పుడు రుచి చూశాను. తియ్యగానే ఉంది."

"మరి మా నోళ్లు అబద్ధమా?"

హెలెన్ మొహం పాలిపోయింది. "డబ్బాలు రెండూ పక్కపక్కనే ఉంటాయి... నేనే పొరబడ్డానేమో" అంది. వెనకనించి ఎవరో, "తల్లి పోలికే వస్తున్నట్టుంది పాపం" అన్నారు. హెలెన్ తల్లి చివరి రోజుల్లో మతి తప్పి కన్నపిల్లల్నే గుర్తుపట్టలేదని ఊరందరికీ తెలుసు. ఆ మాట హెలెన్ విన్నది. సంతోషకుమారీ విన్నది.

నోరు తెరవాల్సింది అప్పుడే. ఆవిడ కొంగు సర్దుకుంది.

"జగ్గులో ఇంకా మిగిలింది, ఒకసారి చూస్తానయ్యా" అంది హెలెన్, అటుగా వచ్చిన సాల్మన్‌తో.

"తప్పమ్మా. ప్రార్థించిన రసం మళ్లీ రుచి చూడ్డమేంటి?" అన్నారు సాల్మన్. మిగిలినదాన్ని ఎవరూ ముట్టరు, చర్చి వెనక శుభ్రమైన మట్టిలో పోసేస్తారు. అది ఆ సంఘంలో పెద్దల నాటి నుంచీ ఉన్న పద్ధతి. పోసే పనీ సంతోషకుమారిదే.

ఆవిడ జగ్గు ఎత్తుకుంది. ఆ రసం తేనెలా ఉంటుందని ఆవిడకి తెలుసు. ఒక్క చుక్క హెలెన్ అరచేతిలో వేస్తే సరిపోతుందనీ తెలుసు. వాచిన వేళ్లు ఆ రోజు జగ్గుని ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే, అంత దూరం నడిచినా ఒక్క బొట్టు తొణకలేదు. చర్చి వెనక్కి వెళ్లి అంతా మట్టిలో పోసింది. తిరిగొచ్చేసరికి సాల్మన్ అంటున్నారు: "వచ్చే నెల నించి రసం కూడా సంతోషమ్మే చూసుకుంటుంది. పోయిన నెల ఆ ఒక్క కప్పు జారింది తప్ప, ఈవిడ చేతిలో ఇన్నేళ్లలో ఒక్క పొరపాటు లేదు."

సంతోషకుమారి తలూపింది. ఊపినందుకు తన తలని తనే అసహ్యించుకుంది.

మధ్యాహ్నం ఆవిడకి అన్నం దిగలేదు. శాంతి నిన్న చెయ్యలేకపోయిన పెట్టె పని పెట్టుకుంది. తలుపు తెరవగానే, "ఇదేంటి, తెల్లగా పేరుకుంది?" అంటూ జల్లెడ తీసింది. జల్లెడ నిండా కరగని కల్లుప్పు. దాని పక్కన, అరలోంచి జారిపడ్డ చిన్న గాజు కప్పొకటి.

శాంతి కప్పుని వేళ్ల మధ్య పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత గుమ్మంలో నిలబడ్డ అత్తగారిని చూసింది.

"చేతులు అంత నొప్పిగా ఉంటే నన్నడగొచ్చుగా అత్తయ్యా."

"అడిగితే, చేతులు పోయాయని ఒప్పుకున్నట్టేగా" అంది సంతోషకుమారి.

శాంతి కప్పు కడిగి, తుడిచి, ఆవిడ చేతిలో పెట్టింది. "నేనెవరికీ చెప్పనులెండి. మార్క్‌కి కూడా చెప్పను."

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే ఎదురు తిట్టొచ్చు. ఈ దయని ఎక్కడ పెట్టుకోవాలో సంతోషకుమారికి తెలియలేదు. అక్కడే నిలబడి ఉండగా వీధిలోంచి "పిన్నీ" అని పిలుపు వినిపించింది.

హెలెన్ ఏడ్చి ఏడ్చి వచ్చింది. లోపలికొచ్చి కుర్చీలో కాక కింద కూర్చుంది.

"నాకోసం ప్రార్థన చెయ్యి పిన్నీ. నాకు భయమేస్తంది."

"రసం కోసం ఇంత ఏడుపెందుకే?"

"రసం కోసం కాదు. ఇంటికెళ్లి డబ్బాలు రెండూ ముందేసుకుని కూర్చున్నా. నేను వేసింది పంచదారే. నా చేత్తో తీసింది నాకు గుర్తుంది. అంత గుర్తున్నది కూడా అబద్ధమైతే ఇంక నన్ను నేనెట్టా నమ్మేది? మా అమ్మకీ ఇట్టాగే మొదలైంది. ముందు టీలో ఉప్పేసింది. తర్వాత, ఎవరే నువ్వని నన్నే అడిగింది. మా పిల్లలకి నేనేమని చెప్పను పిన్నీ?"

సంతోషకుమారి వంగి హెలెన్ మణికట్టు పట్టుకుంది. "లే" అంది. వంటింట్లోకి తీసుకెళ్లి, తెరిచి ఉన్న పెట్టె తలుపు మీద పేరుకున్న తెలుపు చూపించింది.

"వేలు పెట్టి నాలిక మీద వేసుకో."

హెలెన్ అయోమయంగానే వేసుకుంది. "ఉప్పు."

"నిన్న కప్పులు నేను చేత్తో కడగలేదే. చేతకాక ఇందులో పడేశాను. తెలిసీ తెలీక ఉప్పు కుమ్మరించి, మధ్యలో ఆపి తీసేశాను. ఉప్పు కప్పులకి అంటింది. నీ రసం తియ్యగానే ఉంది."

హెలెన్ పెట్టెనీ ఆవిడనీ మార్చి మార్చి చూసింది. "అయితే నా మతి..."

"నిక్షేపంలా ఉంది."

హెలెన్ గోడకి చేరబడి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆవిడ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, "ఎంత పని చేశావు పిన్నీ! నాతో ఒక్కమాట అంటే నేనే వచ్చి కడిగిపెట్టి నీ పేరే చెప్పేదాన్నిగా. అయ్యగారు నన్నెప్పుడో అడిగారు, కప్పులు చూసుకుంటావా అని. పిన్ని ఉండగా నేను ముట్టుకోనని చెప్పాను" అంది.

సంతోషకుమారి తల వంచుకుంది. ఏ హెలెన్ చేతిలోకి పోతాయని భయపడిందో, ఆ హెలెనే వాటిని తన కోసం కాపాడింది.

అంతలో హెలెన్ నవ్వు ఆగిపోయింది. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు కళ్లు చిట్లించింది.

"మిగిలిన రసం పోసింది నువ్వేగా పిన్నీ. అప్పటికి నీకు తెలుసా?"

శాంతి సింకు దగ్గర కదలకుండా నిలబడింది. తెలియదని ఒక్కమాటంటే చాలు, పెట్టె తెరిచాకే తెలిసిందంటే ఎవరూ కాదనరు. శాంతి కూడా కాదనదు.

"తెలుసు" అంది సంతోషకుమారి.

"మా అమ్మ మాట ఎత్తినప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

హెలెన్ ఆవిడ చెయ్యి వదిలేసింది. కొంగుతో మొహం తుడుచుకుని, చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయింది. సంతోషకుమారి, కడగడానికి చర్చి నుంచి తిరిగి తెచ్చిన పళ్లెంలోని కప్పులన్నీ తెల్లగుడ్డలో చుట్టమని శాంతికి చెప్పింది. ఆ మూట గుండెకి ఆనించుకుని అయ్యగారింటికి బయలుదేరింది. ఆ ఇంటికి దారి హెలెన్ వెళ్తున్న దారే. ముందు నడుస్తున్న మనిషిని ఆగమని పిలిచే మొహం ఆవిడకి లేదు.