పుల్లమ్మ సాక్ష్యం

ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక దానయ్య చర్చి ఆఫీసుకొచ్చేవాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, కుర్చీ అంచున కూర్చుని, "అమ్మా, ఒక్కసారి పెట్టు," అనేవాడు. ఆఫీసు చూసుకునే క్రిస్టీనా కంప్యూటర్లో పెట్టేది. అతని భార్య పుల్లమ్మ చనిపోయే ముందు నెలలో చర్చిలో నిలబడి చెప్పిన సాక్ష్యం అది. మైకు నేరుగా ఆ కంప్యూటర్‌కే తగిలించి రికార్డు చేశారు. ఇంకెక్కడా లేదు.

మిరపకాయల కోతకు ఎన్ని ఊళ్లు తిరిగిందో, జబ్బు ఎలా బయటపడిందో పుల్లమ్మ చెప్పుకుపోయేది. దానయ్య కిటికీలోంచి బయటికి చూస్తుండేవాడు. చివర్లో మాత్రం ముందుకు వంగేవాడు. "దేవుని సన్నిధిలో చెప్తున్నాను. తాగొచ్చి నన్ను కొట్టిన నా పెనిమిటిని క్షమించాను." ఆ మాట వినేసి లేచేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాడని ఊళ్లో అనేవాళ్లు. అననీ. ఆ ఒక్క మాట మీదే అతను మిరప కళ్లంలో వారమంతా దగ్గుకుంటూ బతికేవాడు. క్రిస్టీనా మాత్రం ఆ కాసేపూ పాటల పుస్తకాలు సర్దుకునేది.

ఇక ఆ కంప్యూటర్ సంగతి. తాడేపల్లిలో ఉద్యోగం చేసే ఈ ఊరి కుర్రాడు జయపాల్ అందులో విండోస్ బదులు లినక్స్ వేసిపెట్టాడు. కంప్యూటర్ లేవగానే మొదట చూసుకునే చిన్న అర ఒకటుంటుంది, బూట్ పార్టిషన్ అంటారు. జయపాల్ దాన్ని మరీ పిసినారిగా చేశాడు. అప్‌గ్రేడ్ చేసినప్పుడల్లా కంప్యూటర్‌ని నడిపే అసలు ముక్క, కెర్నెల్ అంటారు, కొత్తదొకటి వచ్చి అందులో కూర్చుంటుంది, పాతది కదలదు. "అక్కా, అప్‌గ్రేడ్‌కి ముందు పాతవి తీసెయ్. ఇప్పుడు నడుస్తున్నదాని జోలికి మాత్రం వెళ్లొద్దు," అని కాగితం మీద రాసి గోడకి అంటించాడు కూడా.

గోడ మీది కాగితాన్ని రెండో వారం నుంచి ఎవరు చదువుతారు? బుధవారం అప్‌గ్రేడ్ సగంలో చోటు లేదని ఆగిపోయింది. ఆదివారానికి పాటలు తెర మీద వేయాలి. క్రిస్టీనా విసుగెత్తి ఆ అరలో ఉన్నవన్నీ ఊడ్చేసింది. ఆపి మళ్లీ వేస్తే కొత్తది అదే వస్తుందనుకుంది. రాలేదు. నల్లటి తెర మీద చిన్న గీత మిణుకుమంటూ ఉండిపోయింది.

జయపాల్‌కి ఫోన్ చేద్దామంటే చెప్పిన మాట వినలేదన్న సిగ్గు. ఆటోలో పిడుగురాళ్ల తీసుకెళ్లింది. రిపేరు షాపతను, "లోపల కావాల్సినవి ఏమైనా ఉన్నాయా మేడమ్? లేకపోతే ఫార్మాట్ కొట్టేసి ఇచ్చేస్తా," అన్నాడు. లేవని కంప్యూటర్లో ఇంకేం మిగిలుంటుంది, అన్నీ అప్పుడే పోయుంటాయనుకుంది. "కొట్టేయండి," అంది.

సంగతి తెలిసి శనివారం జయపాల్ వచ్చి మధ్యాహ్నం దాకా వెతికాడు. ఏదీ దొరకలేదు.

"ఖాళీ అయింది ఆ చిన్న అర ఒక్కటే అక్కా," అన్నాడు. "సాక్ష్యాలన్నీ వేరేచోట ఉన్నాయి. ఫార్మాట్ కొట్టేదాకా పదిలంగానే ఉన్నాయి. నాకొక్క ఫోన్ చేస్తే పెన్‌డ్రైవ్ పెట్టి లేపేవాణ్ణి."

ఆ మాటకి క్రిస్టీనా కుళ్లికుళ్లి ఏడ్చింది. పోయినదానికంటే, తన నోటితోనే పోగొట్టినందుకు ఎక్కువ ఏడ్చింది.

ఆదివారం దానయ్య వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆమె నిలబడే అంతా చెప్పింది. అతను కోప్పడలేదు. కంప్యూటర్ వైపు చూశాడు.

"ఆ మాట నువ్వు కూడా విన్నావు గదమ్మా?"

"ప్రతి వారం విన్నాను బాబాయ్."

"ఉందిగా అందులో? నేను కల్పించుకోలేదుగా?"

"ఉంది."

"అయితే నువ్వొకసారి చెప్పు."

క్రిస్టీనా గొంతు సవరించుకుంది. "దేవుని సన్నిధిలో చెప్తున్నాను. తాగొచ్చి నన్ను కొట్టిన నా పెనిమిటిని క్షమించాను."

దానయ్య మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

"క్షమించాననే ముందు పుల్లమ్మ కాసేపు ఆగేదమ్మా," అన్నాడు. "చెప్పాలా వద్దా అని చూసుకుని, అప్పుడు చెప్పేది. నువ్వు ఆగలేదు."

లేచి, బయట చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.