చేపల తొట్టికి పైపాటు

బసవపున్నయ్యకు తెలియని విషయం ఈ లోకంలో లేదు. ఆ సంగతి ఆయనే చెబుతాడు కాబట్టి వేరే సాక్ష్యం అక్కర్లేదు. వాళ్ల నాన్న గుడివాడ దగ్గర రెండెకరాలు అమ్ముకొచ్చి దమ్మపేటలో పదెకరాలు కొన్నాడు. అది కూడా తన సలహాయేనంటాడు. అప్పటికి ఆయనకు నాలుగేళ్లు.

ముప్పై ఏళ్లుగా ఊళ్లో ఎరువుల కొట్టు నడుపుతున్నాడు. ఆకు పసుపెక్కినా, పూత రాలినా, రైతు భార్య అలిగి పుట్టింటికి పోయినా ఆయన చెప్పే మందు ఒకటే, ఇంకో బస్తా యూరియా. సీతారావమ్మ ఆయన్ని కట్టుకుని నలభై ఒక్క ఏళ్లయింది. అందులో మొదటి ఏడాది ఆయన చెప్పిందల్లా నమ్మింది. మిగతా నలభై ఏళ్లూ విని ఊరుకుంది. నలుగురిలో మొగుడి మాటకు ఎదురు చెప్పకూడదని వాళ్లమ్మ నేర్పిన పాఠం ఒకటుంది కదా, దాన్ని పట్టుకుని వేలాడింది.

మనవరాలు మనోజ్ఞకు ఐదేళ్లు. కోడలు సాయిప్రియ దాన్ని పిప్పిపన్ను చూపించడానికి కొత్తగూడెం తీసుకెళితే, అక్కడ డాక్టరు గదిలో మొక్కలు పెరుగుతున్న చేపల తొట్టి ఉందట. ఒక్కచోట రెండు నిమిషాలు కూర్చోని పిల్ల, ఆ తొట్టి ముందు గంటన్నర కదలకుండా కూర్చుంది. పన్ను పీకిన సంగతి కూడా ఇంటికొచ్చి చెప్పలేదు. మనకూ అలాంటిది కావాలంది.

ఇంకేముంది, తాతయ్య బయల్దేరాడు. పక్కన సీతారావమ్మ కూడా వెళ్లింది. కొత్తగూడెంలో చేపల దుకాణం రామ్‌చందర్ ఓపికగల మనిషి. రెండడుగుల గాజుతొట్టి, నాలుగు రకాల నీటిమొక్కలు ఇచ్చి పద్ధతంతా చెప్పాడు. జల్లించిన మట్టి రెండు వేళ్ల మందం పోయాలి, మీద కడిగిన ఇసుక పరవాలి, మొక్కలు గుచ్చి నీళ్లు నింపాలి. మూడు వారాలు చేపల్ని వేయకూడదు. మొదట్లో కొన్ని ఆకులు పసుపెక్కి కుళ్లుతాయి, కంగారు పడకూడదు. అన్నీ చెప్పి చివర్లో అసలు మాట అన్నాడు.

“ఇగ ఏం చెయ్యకుండ ఉండాలె సార్. దీంట్ల గదే పెద్ద పని.”

ఏం చేయకుండా ఉండటం! ఆ విద్య ఒక్కటే బసవపున్నయ్యకు రాదు. దారిలో కారు నడుపుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు. మట్టిలో మొక్క గుచ్చడం చేపలమ్ముకునేవాడు తనకు నేర్పుతాడటా అన్నాడు. సీతారావమ్మ కిటికీలోంచి పామాయిల్ తోటలు చూస్తూ కూర్చుంది.

మర్నాడు రెండడుగుల తొట్టి కోసం ఇంటి ముందు ట్రాక్టరు ఇసుక దిగింది. పశువుల్ని చూసుకునే ఆదెమ్మ ఆ గుట్టను చూసి నిలబడిపోయింది. తోటల అవతల, అడవి అంచున ఉన్న కోయగూడెం నుంచి రోజూ పొద్దున్నే నడిచొస్తుంది ఆమె.

“ఇల్లు కడుతున్నరా అమ్మా?” అని అడిగింది.

సీతారావమ్మకు నవ్వాగలేదు. విషయం చెబితే ఆదెమ్మ ఇంకా వింతగా చూసింది. తినని చేపకు ఇంత సేవ ఏందో తమ గూడెంలో ఎవరికి చెప్పినా నమ్మరంది. అయినా గుట్టలోంచి రెండు బొచ్చెల ఇసుక తీసి, నీళ్లు తేటపడేదాకా బోరు దగ్గర ఏడుసార్లు కడిగింది. పిల్ల పక్కనే చేరి మోచేతుల దాకా తడుపుకుంది. మునగచెట్టు కింది మట్టి సీతారావమ్మ జల్లించింది. అంతా పరిచాక బసవపున్నయ్య నూలు దారం పట్టుకొచ్చి తొట్టికి అడ్డంగా లాగాడు. వరుస తప్పకూడదట, నాటుకు నాటుకు జానెడు ఎడం ఉండాలట. ఆయన దారం సర్దుకునేలోపే పిల్ల ఆదెమ్మ చూపించినట్టు రెండు వేళ్లతో మొక్క మొదలు పట్టుకుని, తోచినచోటల్లా గుచ్చేసింది. నీళ్లు పోసేటప్పుడు ఇసుక చెదరకుండా అడుగున సాసరు పెట్టి, దాని మీద చెంబుతో మెల్లగా పోశారు.

పిల్ల మూడు వారాలు ఓపిక పట్టింది. పెద్దవాళ్లు పట్టలేనిది అది పట్టింది. రోజూ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో ఒక గీత గీసేది. ఇరవై రెండో రోజు ఆరు చిన్న చేపలొచ్చాయి. వాటికి బళ్లో స్నేహితుల పేర్లు పెట్టింది. అందరి మేతా లాక్కుని తినేవాడు పవన్. పొద్దున్నే స్టూలు మీద నిలబడి రెండు వేళ్ల మధ్య పట్టినంత మేత వేసి, ముక్కు గాజుకు ఆనించి చూసేది. రామ్‌చందర్ చెప్పినట్టే కొన్ని ఆకులు పసుపెక్కాయి, వాటి మొదళ్లలో కొత్త చిగుళ్లు పుట్టాయి. ఆ చిగుళ్లు మొదట చూసింది పిల్లే.

బసవపున్నయ్యకు మాత్రం పసుపు ఆకులే కనపడ్డాయి. ఒక సోమవారం పొద్దున సీతారావమ్మ కాఫీ తెచ్చేసరికి ఆయన తొట్టి మూత తీసి, కాగితం పొట్లంలోంచి ఏదో చల్లుతున్నాడు. ఏమిటండీ అదంటే పైపాటు అన్నాడు. వరి దుబ్బు కట్టాక మీద చల్లే ఎరువన్నమాట. గుప్పెడు యూరియా, దాని మీద పది డీఏపీ పలుకులు. చేపలున్నాయి కదా అని ఆమె అనబోతే, నలభై ఏళ్లు పంట పండించినవాడికి చెప్పొచ్చావా అన్నాడు. ఆమె కాఫీ అక్కడ పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. అలవాటు అలాంటిది.

పిల్ల బడి నుంచి వచ్చేసరికి చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. దీపాలు పెట్టే వేళకు ఆరూ వెల్లకిలా తేలాయి. పవన్ అన్నిటికంటే చివర పోయాడు. అప్పుడు హాల్లో ఎరువుల కోసం వచ్చిన రైతులిద్దరు కూర్చుని టీ తాగుతున్నారు. ఏమైంది పున్నయ్యగారూ అని వాళ్లడిగారు. ఎరువు ఎంత వేయాలో అడిగి వేసుకునే రైతులు వాళ్లు. ఎరువు వేసి చంపాననేందుకు పెద్దమనిషికి నోరెలా వస్తుంది?

“పొద్దున మేత రెండుసార్లు వేశావు కదమ్మా,” అన్నాడు పిల్లతో. “వద్దంటే విన్నావా? నీ చేత్తో నువ్వే చంపుకున్నావు.”

నిజంగానే ఆ పొద్దున పిల్ల రెండుసార్లు వేసింది. పవన్ మిగతావాళ్లను తిననివ్వడం లేదని ఇంకో చిటికెడు వేసింది. అందుకే తాతయ్య మాట నమ్మేసింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. సీతారావమ్మ గుమ్మంలోనే ఉంది. తొట్టి అడుగున ఇసుక మీద డీఏపీ పలుకులు ఇంకా కనపడుతున్నాయి. నోటిదాకా వచ్చిన మాటను ఇద్దరు పరాయి మగవాళ్లను చూసి మింగేసింది. తనంటే తనకు ఎప్పుడూ అంత ఏవగింపు కలగలేదు.

ఆ మర్నాటి నుంచి పిల్ల దేన్నీ ముట్టుకోవడం మానేసింది. రోజూ లేగదూడకు గడ్డి పెట్టేది, ఇప్పుడు కొట్టం దగ్గరికి పోదు. ఇసుక గుట్ట మీద కుక్క నాలుగు పిల్లల్ని పెడితే దూరం నుంచి చూసి వచ్చేసింది. ఒకరోజు తులసికి నీళ్లు పోయమని సీతారావమ్మ చెంబు చేతికిస్తే, తీసుకోలేదు.

“నేను పోస్తే చచ్చిపోద్ది,” అంది.

సీతారావమ్మ చెంబు కింద పెట్టేసింది. ఆ రోజే మొగుడిని ఒంటరిగా పట్టుకుని, పిల్లకు నిజం చెప్పమంది. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, యూరియా వల్ల చేప చస్తుందని ఎక్కడ రాసుందో చూపించమన్నాడు. ఐదేళ్ల పిల్లకు తాను సంజాయిషీ చెప్పుకోవాలా అన్నాడు. పిల్లలు రెండ్రోజుల్లో మర్చిపోతారన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మర్చిపోవడానికి సాయంగా పన్నెండు చేపలు కొనుక్కొచ్చి ఆ తొట్టిలోనే, ఆ నీళ్లలోనే వదిలాడు. అవి తెల్లారేసరికి తేలాయి. రామ్‌చందర్ రోగిష్టి చేపలమ్ముతున్నాడని ఊరంతా చెప్పాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఆయన్ను చూసే పుట్టి ఉంటుంది. పిల్ల మాత్రం వాటి వంక ఒక్కసారి చూసింది కదా, తన చూపు తగిలే చచ్చాయనుకుంది. ఆ తర్వాత హాల్లోకి రావడమే మానేసింది.

సీతారావమ్మ తొట్టిని పెరట్లోకి మోయించింది. నీళ్లు, మట్టి, మొక్కలు అన్నీ పారబోయించి, ఎండబెట్టి, తొట్టిని తిరిగి హాల్లో పెట్టించి, ఆదెమ్మతో కలిసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. మొక్కలు ఈసారి ఆదెమ్మే తమ గూడెం పక్క వాగులోంచి తెచ్చింది. మూడు వారాలు మూతకు తాడు కట్టి ముడేసింది. ఏం చేయకుండా ఉండటంలో సీతారావమ్మకు నలభై ఏళ్ల అనుభవం. తర్వాత బస్సెక్కి కొత్తగూడెం వెళ్లి ఆరు చేపలు తెచ్చింది. ఆదివారం పొద్దున వాటిని తొట్టిలో వదిలి, మూతకు మళ్లీ తాడు కట్టి పిల్లను పిలిచింది. పిల్ల మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు. కొడుకు జయప్రకాశ్, కోడలు, పిల్ల, ఇంటి పెద్ద. పెద్దాయన ఈ ఏడు వానలు ఎలా పడతాయో వాతావరణ శాఖకు తెలియదని వివరిస్తున్నాడు. సీతారావమ్మ అందరికీ వడ్డించి, ఆయన ముందు గ్లాసులో మంచినీళ్లు పోసింది. కొంగున కట్టుకున్న పొట్లం విప్పి, అందరూ చూస్తుండగా గుప్పెడు యూరియా అందులో వేసి, చెంచాతో బాగా కలిపింది.

“తాగండి,” అంది. “పైపాటేగా.”

జయప్రకాశ్ చేయి కంచంలోనే ఆగిపోయింది. బసవపున్నయ్య భార్యను చూశాడు, గ్లాసును చూశాడు. పిచ్చెక్కిందా అన్నాడు. ఆమె కదల్లేదు. నలభై ఒక్క ఏళ్లలో ఆయన మొహంలోకి అంతసేపు చూడటం అదే మొదటిసారి. ఆ మొహంలో చూడదగ్గది ఏమీ లేదని కూడా అప్పుడే తెలిసింది.

“ఎందుకు తాగవు తాతయ్యా?” అని పిల్ల అడిగింది.

ఆయన గ్లాసును పక్కకు జరిపాడు. “అందులో యూరియా ఉందమ్మా. తాగకూడదు.”

“తాగితే?”

“కడుపు పాడవుద్ది. మనుషులు తాగేది కాదది.”

“చేపలు తాగొచ్చా?”

ఆయన తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఎవరూ ఆయన సాయానికి రాలేదు. పిల్ల వదిలే రకం కాదు.

“చేపల నీళ్లల్లో వేశావా తాతయ్యా?”

“ఆకులు పసుపెక్కితే… మొక్కల కోసం వేశాను,” అన్నాడు చివరికి. ఆ గొంతు కొట్లో రైతులకు చెప్పే గొంతు కాదు. మొదటిసారి మామూలు మనిషి గొంతులా వినిపించింది.

పిల్ల తన చేతుల్ని ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. అటు తిప్పి, ఇటు తిప్పి చూసుకుంది. కంచం వదిలేసి లేచి, చేయి కడుక్కుని హాల్లోకి నడిచింది. సీతారావమ్మ వెనకే వెళ్లింది. బసవపున్నయ్య కూడా ఎంగిలి చేత్తోనే లేచి వచ్చాడు. పిల్ల స్టూలు లాక్కుని ఎక్కింది. తాడు ముడి విప్పుతుంటే ఆయన సాయం చేయడానికి చేయి చాపాడు.

“నువ్వు ముట్టుకోకు తాతయ్యా.”

ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు. సీతారావమ్మ గుండెల్లోంచి నలభై ఏళ్ల బరువు దిగినట్టయింది. కోర్టులో గెలిచి మెట్లు దిగే మనిషిలా ఆయన్ని పక్కకు నెట్టి, మూత పట్టుకుందామని తాను ముందుకొచ్చింది. పిల్ల ఆమె వైపు తిరిగింది.

“తాతయ్య వేస్తుంటే నువ్వు చూశావా నానమ్మా?”

అబద్ధం చెప్పవచ్చు. ఈ ఇంట్లో అది కొత్త కాదు. “చూశాను,” అంది సీతారావమ్మ.

“మరి నేను కాదని చెప్పలేదేం?”

వాళ్లమ్మ నేర్పిన పాఠం నాలుక చివరే ఉంది. ఆ పాఠాన్ని ఐదేళ్ల పిల్ల ముందు పెట్టి చూసుకుంటే, అందులో ఉన్నది పిరికితనం తప్ప మరేం కాదు.

పిల్ల ఆమెను చూసింది. సీతారావమ్మ రోజూ మొగుడిని చూసే చూపే అది.

“అయితే నువ్వు కూడా ముట్టుకోకు,” అని స్టూలు దిగి, ఆదెమ్మత్తా అని పిలుస్తూ పశువుల కొట్టం వైపు పరిగెత్తింది. చేయి పట్టుకుని ఆదెమ్మను లాక్కొచ్చి, ముందు బోరు దగ్గర ఆమె చేత చేతులు కడిగించింది. ఇద్దరూ కలిసి మూత తీశారు. పిల్ల రెండు వేళ్ల మధ్య పట్టినంత మేత తీసుకుని, ఇది ఎక్కువా అని ఆదెమ్మను అడిగింది.

“సరిపోద్ది, వెయ్యి బిడ్డా,” అంది ఆదెమ్మ.

మేత నీటి మీద పడగానే ఆరు చేపలూ పైకొచ్చాయి. బసవపున్నయ్య, సీతారావమ్మ ఇద్దరూ గడప దాకా వెనక్కి జరిగి అక్కడే నిలబడి చూశారు.